పక్కసీటు వాన

ఆ పికప్ బండి కారు కాదు. కానీ కారుతుంది.

వాన పడుతున్నప్పుడు పైనుంచి కారుతుంది. వాన వెలిశాక కిందనుంచి కారుతుంది. ఎర్రటి ఎండలో, ఆకాశంలో మబ్బుతునక లేనప్పుడు కూడా ఏ సందులోనో దాచుకున్న పాత నీళ్ళు గుర్తొచ్చినట్టు బొట్టు బొట్టుగా కారుతుంది. కొన్నప్పుడు అది తెల్లబండి. ఇప్పుడు రంగేమిటని ఎవరైనా అడిగితే, ఏ ముక్క రంగని ఎదురడగాలి. చక్రాల మీద మడ్‌గార్డుల అంచులన్నీ తుప్పు. తుప్పుదీ తప్పుదీ ఒకటే పద్ధతి. మొదట ఆవగింజంత పొక్కు లేస్తుంది, పోనీలే అనుకుంటాం, రంగు చాటున అది తన పని తాను చేసుకుపోతుంది, మళ్ళీ మనం చూసేసరికి వేలు దూరేంత బొక్క. వెనక తొట్టి అడుగు జల్లెడ. డ్యాష్‌బోర్డు ఎండకి పగిలి పది చీలికలై దశబోర్డు అయింది. లోపలి కప్పుకి అంటించిన గుడ్డ జిగురు వదిలేసి ఉయ్యాలలా కిందికి జారింది. మొత్తమ్మీద పికప్పులో పికప్పు ఏనాడో పోయింది. మిగిలినవి పిక్కా కప్పూ. తొక్కే పిక్క యజమానిది, చిల్లుపడ్డ కప్పు బండిది.

ఆ యజమానికి లాండ్రీ ఉంది. ఊరు అతన్ని గంజి అని పిలుస్తుంది, మొహం మీదే. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, రెండింటికీ దిట్టంగా గంజి; కూర్చుంటే కొత్త అట్ట విరిచినట్టు చప్పుడు. మనిషికీ అంతే గంజి. వంగి మాట్లాడటం, "నాదే పొరపాటు" అనటం అతని ఒంట్లో లేని మడతలు. లాండ్రీలో ఉతుకు అతనిది, ఇస్త్రీ ఆ స్త్రీది, అంటే అతని భార్యది. రెండు హోటళ్ళ దుప్పట్లూ, దిండు గలీబులూ, భోజనాల బల్లల మీద పరిచే తెల్లగుడ్డలూ వాళ్ళ చేతుల్లోంచే వెళ్ళేవి. దుప్పట్లు టార్పాలిన్ కింద తొట్టిలో. బల్లగుడ్డలు మాత్రం ముడత పడకూడదు, చుక్క తడవకూడదు కాబట్టి, ఆవిడ ఒళ్ళో.

ఇక ఆ పక్కసీటు తలుపు కథ. దాని లోపలి పిడి ఎప్పుడో ఊడింది. బయటినుంచి తీస్తే తప్ప రాదు. అందుకని హోటలు గేటు దగ్గర బండి ఆపగానే గంజి దిగి, ముందునుంచి చుట్టు తిరిగి వచ్చి, భార్యకి తలుపు తీసేవాడు. చూసేవాళ్ళకి ఇది తలుపులా కనబడలేదు, వలపులా కనబడింది.

"అన్నా, నీలాంటి మొగుడు వీధికొకడుంటే చాలు, మిగతా కాపురాలన్నీ కూలిపోతాయి," అనేవాడు హోటలు వాచ్‌మన్.

"చూసి నేర్చుకోండి," అనేది మందుల షాపావిడ, కౌంటరు వెనక మొగుణ్ణి మోచేత్తో పొడిచి. "ఆయన చూడండి, ఇన్నేళ్ళయినా పెళ్ళాన్ని మహారాణిలా దింపుతాడు. మీరేమో నేను స్కూటరు దిగానో లేదో చూడకుండా ముందుకి పోతారు."

గంజి మెడ ఇంకో అంగుళం నిలబడేది. పిడి బిగించాలని అతనికి లేకపోలేదు. వచ్చే నెల, వచ్చే నెల అని అనుకుంటూనే ఉన్నాడు. కానీ ఊరికే పేరొస్తుంటే రిపేరెందుకు?

ఆవిడ ఏమీ అనేది కాదు. దిగేది, బల్లగుడ్డల కట్టని రెండు చేతుల మీద పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకునేది. వాన రోజుల్లో గంజి తప్పకుండా అడిగేవాడు, "తడిశాయా?" అని. "లేదు" అనేది. లెక్క సరిపోయేది. ఇద్దరూ లోపలికి నడిచేవాళ్ళు.

అలాంటి మనిషి ఈ వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే కట్ట చంకన పెట్టుకుని, "నేను బస్సులో వస్తాను. మీరు పదండి," అంది.

"బండి ఉండగా బస్సేంటి?"

"ఆ బండి దిగాలంటే సిగ్గుగా ఉంటోంది," అంది, అంతే, వెళ్ళిపోయింది.

గంజి ఆ మాటని ఉతికాడు, పిండాడు, ఆరేశాడు. బండి అందంగా లేదని ఆవిడ బాధ అని తేల్చుకున్నాడు. నిజమే, హోటలు ముందు నిగనిగలాడే కార్ల మధ్య ఈ డొక్కు ఆగితే చలివేంద్రంలో పగిలిన కుండలా ఉండేది. పోనీలే, నాలుగు రోజులు బస్సులో తిరిగితే ఆవిడకే విసుగు పుడుతుందనుకున్నాడు. పుట్టలేదు. బస్సులో ఆవిడకి కిటికీ పక్క సీటు అలవాటైంది, కండక్టరమ్మతో కబుర్లు అలవాటయ్యాయి.

ఆ తర్వాత వచ్చింది అసలు పిడుగు. ఒకరోజు అన్నం దగ్గర ఆవిడ మామూలుగా, ఉప్పు అందించినంత మామూలుగా చెప్పింది: "పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదికి మనిషి కావాలట. నన్ను రమ్మంటున్నారు. శనివారంలోగా ఏదో ఒక మాట చెప్పాలి."

గంజి "ఊఁ" అన్నాడు. ఊఁ అంటే ఊఁ అనే కాదు, ఊహూఁ అని కూడా అర్థం చేసుకోవచ్చు కదా అని అతని ధీమా. లోపల మాత్రం గుండె జారి తొట్టి అడుగు జల్లెడలోంచి రోడ్డు మీద పడ్డట్టయింది. ఇస్త్రీ చెయ్యటానికి మనిషిని పెట్టుకోవచ్చు. బల్లగుడ్డలు పట్టుకోవటానికి ఒక అట్టపెట్టె చాలు. పక్కన కూర్చునే మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇన్నేళ్ళూ ఆ సీట్లో ఎవరో ఉన్నారు కాబట్టే అతను దారంతా ఒక్కడే మాట్లాడుకుంటున్నాడని ఎవరూ అనుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి బండిని టకటక మేస్త్రీ షెడ్డుకి తోలాడు. బండికి రంగు వేయించి, మెరిపించి, శనివారం సాయంత్రం ఇంటి ముందు ఆపి హారను కొట్టాలని అతని పథకం. అప్పుడు సిగ్గు పోతుంది, సిగ్గు పోతే బస్సు పోతుంది, బస్సు పోతే ఆసుపత్రీ పోతుంది.

టకటక మేస్త్రీ గంజి కంటే పెద్దవాడు. ఏ బండి వచ్చినా ముందు పలకరించడు, వేలి కణుపుతో రేకు మీద టకటకమని కొట్టి వింటాడు.

"ఏం గంజీ, అమ్ముతున్నావా, పాతిపెడుతున్నావా?"

"రంగు వెయ్యాలి మేస్త్రీ. మెరిసిపోవాలి. రేపు సాయంత్రానికి కావాలి."

"దేనికి వెయ్యాలి?"

"దేనికేంటి, బండికి!"

"బండేదీ? నాకు తుప్పు కనిపిస్తోంది, లప్పం కనిపిస్తోంది, నువ్వు కనిపిస్తున్నావు. ఈ మూడింట్లో దేనికెయ్యమంటావ్?"

మేస్త్రీ బండి చుట్టూ కొట్టుకుంటూ నడిచాడు. "ఇదిగో, ఖంగుమంటే ఇనుము. దబ్బుమంటే బొక్కలు పూడ్చిన లప్పం. ఏమీ అనకపోతే గాలి." పక్కసీటు తలుపు కింద మెట్టుపట్టీ దగ్గర ఆగి స్క్రూడ్రైవరు ఆనించాడు. నొక్కనైనా నొక్కలేదు, అది మెత్తటి మట్టిలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పొడి జలజలా రాలింది. "దీని మీద రంగేస్తే శవానికి గడ్డం గీసినట్టు. పైన పటారం, లోన లొటారం."

"లోపల ఎవరు చూస్తారు మేస్త్రీ?"

"లోపల కూర్చునేవాళ్ళు," అన్నాడు మేస్త్రీ, పెద్ద విశేషమేమీ లేనట్టు. "ముందు నీళ్ళ పరీక్ష. నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో తెలీకుండా నేను చెయ్యి పెట్టను. నేను బయట పైపు పడతాను, ఒకళ్ళు లోపల కూర్చుని ఎక్కడ కారుతుందో చెప్పాలి. ఎక్కు."

గంజి డ్రైవరు సీటు వైపు నడిచాడు.

"అటెందుకు? అటువైపు అద్దం రబ్బరు కిందటేడు నేనే మార్చానుగా. మోచెయ్యి తడుస్తోందని నా ప్రాణం తీసి మార్పించుకున్నావు. ఫ్లోరు రేకు కూడా అటు గట్టిదే. ఇటెక్కు."

తన సొంత బండిలో, ఇన్నేళ్ళలో, గంజి ఆ సీట్లో కూర్చోవటం అదే మొదలు. మేస్త్రీ బయటినుంచి తలుపు ధడాల్న వేశాడు.

కూర్చోగానే ఏదో పొడుచుకుంది. సీటు తోలు చిరిగి, స్పాంజి నలిగి, స్ప్రింగు మొన పైకొచ్చింది. దాని మీద మడతలు మడతలుగా వేసిన పాత తువ్వాలు. తువ్వాలు ఒకప్పుడు తెల్లది అయ్యుండాలి. కాళ్ళు చాపితే పాదాల కింద మ్యాట్ మెత్తగా కుంగింది. ఎత్తి చూశాడు. నేల కనిపించింది. బండి నేల కాదు, షెడ్డు నేల. నట్లు, నూనె మరకలు, మేస్త్రీ చెప్పులు. ఆ బొక్కకి అడ్డంగా ఒక చెక్క పెట్టి ఉంది. విరిగిన ఇస్త్రీబల్ల ముక్క. అది కనిపించటం లేదని ఇల్లంతా వెతికి, ఎవరో ఎత్తుకుపోయారని వీధి వీధంతా తిట్టాడు గంజి, అప్పట్లో.

తలెత్తాడు. జారిన కప్పు గుడ్డ డ్రైవరు వైపు నేరుగా వేలాడుతోంది కానీ, ఇటువైపు మాత్రం పిన్నీసులు. జానెడు జానెడు దూరంలో, వరస తప్పకుండా, లాండ్రీ మూటలకి చీటీలు గుచ్చే పిన్నీసులే. ముందు అద్దం మూల రబ్బరు ఊడిన సందులో చింపిన దిండు గలీబు ముక్కని వేలితో కుక్కి కుక్కి పెట్టారెవరో. కిటికీ తిప్పే పిడి లేదు, దాని చోట ఒక చెంచా కాడ తాడుతో కట్టి ఉంది. ఎవరో ఏంటి? ఆ సీట్లో ఇంకెవరు కూర్చున్నారు?

"రెడీయా?" అని అరిచాడు మేస్త్రీ. జవాబు వినకుండానే పైపు వదిలాడు.

మొదటి బొట్టు ఎడమ భుజం మీద. గంజి కుడికి జరిగాడు. రెండోది కుడి మోకాలి మీద. కాళ్ళు ముడిచాడు. పిన్నీసు గుచ్చిన ప్రతి బెజ్జం దగ్గరా ఒక చుక్క ఊరి, ఆలోచించి, రాలింది. తలుపు పైనుంచి నీళ్ళు రేకు వెంబడి పాకుతూ వచ్చి నడుము వెనక సీట్లోకి ఇంకాయి. దశబోర్డు చీలికల్లోంచి పాత మట్టితో కలిసిన ఎర్రనీళ్ళు ఒళ్ళోకి దారి కట్టాయి.

"ఎక్కడ?" అని అరుపు బయటినుంచి.

"అంతటా!"

"ఆఁ? అద్దంలోనా?"

"ఆపు మేస్త్రీ! తలుపు తియ్యి!"

"తలుపులోంచి కూడానా? ఆగు, చూద్దాం!" అని మేస్త్రీ పైపుని సూటిగా తలుపు మీదికే తిప్పాడు.

గంజి చెయ్యి పిడికోసం వెతికింది. పిడి లేదు. డ్రైవరు సీట్లోకి దూకుదామంటే మధ్యలో గంజిడబ్బాల అర, ఇనప పట్టీలతో, నాలుగు బోల్టులతో కదలకుండా తానే బిగించినది. ఇటు తలుపు, అటు డబ్బాలు, పైన వాన, కింద రోడ్డు. అద్దం మీద రెండు చేతులతో బాదాడు. మేస్త్రీ బయటినుంచి ఉత్సాహంగా తలాడించి, అద్దం మీద కూడా నీళ్ళు కొట్టాడు.

కాసేపటికి గంజి ఒక సంగతి కనిపెట్టాడు. ఆ సీట్లో ఒళ్ళో పెట్టుకున్నది తడవకుండా ఉండాలంటే ఒకటే దారి. నడుము ముందుకి వంచి, భుజాలు రెండూ గొడుగులా చాపి, తల దించుకుని కూర్చోవాలి. అప్పుడు నీళ్ళన్నీ వీపు మీద పడతాయి. ఒడి పొడిగా ఉంటుంది. ఆ వంపు అతనికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ పక్కనుంచి చూసిందే. బల్లగుడ్డలంటే ఈవిడకి ఎంత శ్రద్ధ, కన్నబిడ్డలా కాపాడుకుంటుంది అని మురిసిపోయాడు కూడా. బండాపి అడిగేవాడు. తడిశాయా? లేదు. బట్టలేగా అడిగింది. బట్టలు తడవలేదు మరి.

పైపు ఆగింది. తలుపు తెరుచుకుంది. గంజి దిగి నిలబడ్డాడు, గంజంతా దిగిపోయి.

మేస్త్రీ వెనక్కి వెళ్ళి చూసి పకపకా నవ్వాడు. "ఓరి నాయనో! ఊరి మరకలన్నీ వదలగొట్టేవాడి వెనకాల ఇంత మరకా! అచ్చు దేశపటంలా ఉంది!"

ప్యాంటు వెనక తుప్పుమరక. గంజి చేత్తో తడుముకున్నాడు. సోడాకి పోదు, సబ్బుకి పోదు, ఎంత మరిగించినా పోదు. కూర మరక పోతుంది, సిరా పోతుంది, రక్తం పోతుంది. పాతబడ్డ తుప్పు పోదు. ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. అంత తెలిసినవాడే, కిందటి వానల్లో దండెం మీద ఆవిడ లేతరంగు బట్టల వెనక ఇదే మరక చూసి, గిరాకీల ముందే అన్నాడు: "ఎక్కడపడితే అక్కడ కూర్చుంటావేంటి? లాండ్రీవాళ్ళింటి ఆడదాని బట్టలకి మరకలుంటే మన దగ్గరికెవరొస్తారు?" ఆవిడ అతని వంక ఒక్కసారి చూసింది. ఏదో అనబోయి, ఆ బట్టలు తీసి లోపల పెట్టేసుకుంది. ఎక్కడ కూర్చుందో అప్పుడు అతను నిజంగా అడిగి ఉంటే చెప్పేదే.

దిగటానికి సిగ్గన్న ఆవిడ మాటకి అర్థం ఇదా. మెరిసే కార్లు కాదు. గేటు దగ్గర అందరూ మహారాణిని చూస్తుంటే, మహారాణి వీపు గోడవైపు తిప్పుకుని గోడవారగా నడిచేది.

"సరే, రంగేం వెయ్యను?" అన్నాడు మేస్త్రీ, నవ్వు ఆపుకుని.

"రంగొద్దు. ఈ వైపు చెయ్యి."

"ఈ వైపంటే ఫ్లోరు కొయ్యాలి, కొత్తరేకు వెల్డింగు, అద్దానికి రబ్బరు, సీటు, పైన గుడ్డ. రేపు సాయంత్రానికి ఎలాగోలా చేసిస్తాను. కానీ చూడటానికి బాగోదు, ముందే చెప్తున్నా."

"చూడటానికి ఎవరడిగారు? కొయ్యి. ఆ డబ్బాల అర కూడా పీకెయ్యి. తలుపుకి లోపల పిడి పెట్టు, గట్టిది."

మేస్త్రీ అతని మొహం చూసి ఇంకేమీ వేళాకోళమాడలేదు.

ఆ సాయంత్రం గంజి తుమ్ముతూ ఇంటికొచ్చాడు. "వాన లేదుగా, ఎక్కడ తడిశారు?" అంది ఆవిడ. అప్పుడే చెప్పెయ్యాల్సింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట, ఒక్కమాట. కానీ రేపు బండి చూపించి చెబుదాం, ఊరికే చెప్పటమేంటి, చేసి చూపించటమే మగతనం అనుకున్నాడు. ఆ మాటకీ గంజిపెట్టి దండెం మీద ఆరేశాడు. "ఏదోలే," అని ముక్కు చీదుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఈ "ఏదోలే"లతో ఎన్ని కాపురాలు చిల్లుపడ్డాయో ఏ మేస్త్రీకీ తెలియదు.

శనివారం సాయంత్రం బండి ఇంటి ముందు ఆగింది. మేస్త్రీ అన్నట్టే బాగోలేదు. ఒకవైపు ఎర్రటి ప్రైమరు పూసిన అతుకులతో, సగం గొరిగిన తలలా ఉంది. ఆవిడ ఇస్త్రీ ఆపి గుమ్మంలోకి వచ్చింది.

"ఒకసారి కూర్చుంటావా?" అన్నాడు గంజి. ఎప్పుడూ "ఎక్కు" అనేవాడు. కూర్చుంటావా అనటం అతనికే కొత్తగా వినిపించింది.

ఆవిడ ఎక్కింది. కాళ్ళు అలవాటుగా ఎడంగా పెట్టి, ఆగి, కిందికి చూసింది.

"చెక్కేదీ?"

"తీసేశారు. కింద రేకుంది ఇప్పుడు."

ఆవిడ పాదంతో నొక్కి చూసింది. మళ్ళీ, గట్టిగా. తలెత్తి పిన్నీసులు లేని కప్పు చూసింది. అద్దం మూలలో కొత్త రబ్బరు మీద బొటనవేలు రాసింది. గంజి బయట నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"బాగా చేశాడు మేస్త్రీ."

"నిన్న నేను కూర్చున్నాను అక్కడ. నీళ్ళు పోయించుకుని."

ఆవిడ అతని వంక తిరిగింది. "అందుకా తుమ్ములు?"

"ఊఁ."

"నిన్ననే చెప్పొచ్చుగా."

"ఇవాళ చూపిద్దామని..."

ఆవిడ కాసేపు కొత్త సీటు కుట్టు మీద గోరు నడిపింది. "పొద్దున వెళ్ళి సరేనని చెప్పేసి వచ్చాను. సోమవారం నుంచి రమ్మన్నారు."

ఎదురింటి పంపులో నీళ్ళు వస్తున్న చప్పుడు. గంజి చేతులు జేబుల్లోంచి తీశాడు.

"నాతో ఒక్కమాట అనలేదేం?"

"అన్నం దగ్గర చెప్పాగా. మీరు ఊఁ అన్నారు. నిన్న కూడా ఏమైనా అంటారేమోనని చూశాను. మీరు ముక్కు చీదుకుని అటు తిరిగారు."

"ఇప్పుడు వద్దని చెప్పొచ్చా వాళ్ళకి?"

"చెప్పొచ్చు."

"మరి?"

"చెప్పను." కోపంగా అనలేదు. కొట్లో గిరాకీకి మరక పోదని చెప్పేటప్పుడు వాడే గొంతే. "ఆ గది పొడిగా ఉంది. ఆనుకునే కుర్చీ ఉంది. అక్కడి పెద్దావిడ 'నించున్నావేంటమ్మా, కూర్చో' అంది. అంతే అంది. నాకు ఏడుపొచ్చింది. కూర్చోమంటే ఎవరైనా ఏడుస్తారా చెప్పండి?"

"నువ్వు తడుస్తున్నావని నాకు తెలీదు," అన్నాడు గంజి.

"తెలీదని నాకూ తెలుసు. తెలిసి చేసుంటే ఒకరోజు పోట్లాడి ఊరుకునేదాన్ని."

"ఆ మరకల సంగతి... అప్పుడు నేనన్న మాట..."

"ఏ మాట?" అని, గుర్తొచ్చి, "ఓ, అదా. అప్పుడు నవ్వొచ్చింది నాకు. నిజం. తర్వాతే రాలేదు."

గంజి నోరు తెరిచాడు. "నాదే..." అన్నాడు. మిగతా ముక్క బయటికి రావటానికి చాలాసేపు పట్టింది. వచ్చింది, తుప్పు పట్టిన బోల్టులా, కిర్రుమంటూ. "నాదే పొరపాటు."

"ఆఁ," అంది ఆవిడ, కాదనకుండా. బండి దిగింది. "రండి. హోటలు దుప్పట్లు అలాగే ఉన్నాయి. సోమవారం నుంచి ఒక్కరే మడతపెట్టాలి, ఎలాగో చూపిస్తాను."

లోపల ఇస్త్రీ ఆవిరి ఇంకా తేలుతోంది. ఆవిడ ఒక పెద్ద దుప్పటి తీసి, అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు చాచి, మధ్యకి మడిచి, బల్ల మీద పరిచి, అరచేత్తో ఒక్క ఒత్తు ఒత్తింది. పలకలా వచ్చింది. గంజి ప్రయత్నించాడు. గడ్డం కింద అంచు జారింది. పట్టుకోబోతే రెండో అంచు జారింది. చివరికి దుప్పట్లో మనిషి ఉన్నాడో మనిషి మీద దుప్పటి ఉందో తెలియకుండా నిలబడ్డాడు. "ఊళ్ళోవాళ్ళు గంజి దయ్యమయ్యాడంటారు," అంది ఆవిడ. నవ్వింది కూడా. ఆ నవ్వు విని గంజికి ఇంకా కష్టమనిపించింది.

"మెల్లగా వస్తుందిలెండి. ఈ చివరిది ఇద్దరం పెడదాం."

చెరో వైపు నిలబడ్డారు. నాలుగు అంచులు, నాలుగు చేతులు. లాగి సాపు చేశారు. దగ్గరికొచ్చారు, ఆవిడ తన అంచులు అతని చేతిలో పెట్టి, కింద మడత అందుకుని, మళ్ళీ వెనక్కి నడిచింది. కొన్ని వేల దుప్పట్లు ఇలాగే మడిచారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఇవాళ గంజి చూశాడు. ఆవిడ దుప్పటినే చూస్తోంది.

"మీవైపుకి ఎక్కువ లాగుతున్నారు," అంది.

"నేనా?"

"ఎప్పుడూ మీరే."

గంజి వెంటనే చేతులు వదులు చేశాడు. ఇటువైపు దుప్పటి వేలాడి, అంచు నేలకి తగిలింది.

"అంత వదిలెయ్యమన్లేదు," అంది ఆవిడ. "ఎత్తండి, మట్టవుతుంది."